తన్నిన పక్ (ఐస్ హాకీ రబ్బరు బిళ్ళ) స్టిక్‌కి తగిలి గోల్‌లో పడితే చెల్లుతుందా? (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్, రూల్ 49.2)

కావలి లేఖరి: సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాస్తుంటాను. కెనడాలో ఉన్న మా మేనల్లుడి పుణ్యమా అని ఐస్ హాకీ పిచ్చి పట్టింది. వాడు పంపిన క్లిప్‌లో పక్‌ని ఒకడు స్కేట్‌తో తన్నాడు, అది డిఫెండర్ స్టిక్ అంచుని రాసుకుని వలలో పడింది. గోల్ ఇచ్చారు. రూల్‌బుక్ తీశాను. అటాక్ చేసేవాడు తన్నిన పక్ ఏ ఆటగాడికి తగిలి లోపలికి పోయినా గోల్ కాదని ఒక వాక్యం. కాస్త కిందికొస్తే, ఎవరి స్టిక్‌కి తగిలి పోయినా గోలే, గోల్‌కీపర్ స్టిక్ తప్ప అని ఇంకో వాక్యం. స్టిక్ ఉండేది ఆటగాడి చేతిలోనే కదా! హద్దులు ఒక పేరాలో ఒకలా, ఇంకో పేరాలో ఇంకోలా రాస్తే ఆ దస్తావేజు కోర్టుకెక్కాల్సిందే. ఏది చెల్లుతుంది?

ఒంగోలు పీఈటీ: ఫీల్డ్ హాకీలోనూ ఇదే తంటా అన్నా. బంతిని ఒంటితో ఆపకూడదు, తన్నకూడదు అంటుంది రూలు. వెంటనే, కాలికి తగిలిన ప్రతిసారీ తప్పు కాదు, కావాలని చేస్తేనో, దానివల్ల లాభపడితేనో తప్పు అంటుంది. మా పిల్లలు కాలికి తగలగానే "ఫౌల్ సార్" అని ఆట ఆపేసి నిలబడతారు. విజిల్ వినబడేదాకా ఆడండ్రా అని రోజూ మొత్తుకుంటాను.

బుచ్చి అబ్బాయి, టొరంటో: లేఖరి గారూ, స్టిక్ సంగతి విడిగా రాశారు కాబట్టి అక్కడ అదే చెల్లుతుంది. మొదటి వాక్యంలో ఆటగాడంటే ఒళ్ళు, స్కేట్లు, ప్యాడ్లు అనుకోండి. సొంత జట్టువాడి స్టిక్ అయినా, అవతలివాడిదైనా గోలే. ఇంకోటి, స్కేట్‌ని పక్కకి తిప్పి పక్ దారి మళ్ళిస్తే తన్నినట్టు కాదు. కాలు ఊపి తన్నినట్టు స్పష్టంగా కనబడాలి. అనుమానమొస్తే ఇక్కడి లీగ్ వాళ్ళ సిచ్యువేషన్ రూమ్‌లో రీప్లే చూసి తేలుస్తారు.

కావలి లేఖరి: అలాంటప్పుడు "స్టిక్‌కి తగిలితే తప్ప" అని మొదటి వాక్యంలోనే చేర్చాలి బాబూ. చదివేవాడు ఒక్కచోటే ఆగిపోతే అన్యాయం కదా. రూల్ 80 కూడా చూడు. భుజం ఎత్తు దాటిన స్టిక్‌తో పక్‌ని కొట్టకూడదు. గోల్ చెల్లుతుందా అనే లెక్కకొచ్చేసరికి కొలత 4 అడుగుల ఎత్తులో ఉండే క్రాస్‌బార్ (గోల్ పై అడ్డకమ్మీ). పొడుగువాడు భుజానికి కింద, క్రాస్‌బార్‌కి పైన కొడితే?

బుచ్చి అబ్బాయి, టొరంటో: పాస్ అయితే ఆట సాగుతుంది సార్. ఆ దెబ్బకే నేరుగా గోల్‌లో పడితే మాత్రం చెల్లదు.