నమస్కారంలో తెలుగు ఎక్కడుంది?

ప్రశ్న: మా అమ్మాయి జర్మనీలో రొయ్యల శుద్ధి యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేస్తోంది. వచ్చే నెల భీమవరం నుంచి ముగ్గురు వ్యాపారులు యంత్రాలు చూడడానికి వస్తున్నారట. వారిని తెలుగులోనే పలకరించాలని అక్కడి పెద్ద అధికారి ముచ్చటపడుతున్నారు. ‘నమస్తే’ అంటే సరిపోతుందా? ‘శుభోదయం’ అనాలా, ‘స్వాగతం’ అనాలా? బోర్డు మీద ఏమి రాయాలి?

జవాబు: మీ ప్రశ్న చదివి నాకు చాలా సంతోషం వేసింది. ఆ అధికారి ముచ్చటను మనం నిలబెట్టాలి.

వచ్చేవారు ఇంట్లో మాట్లాడేది తెలుగేనా అని ముందు కనుక్కోమనండి. ఊరిని బట్టి, పేరును బట్టి భాషను ఊహిస్తే చాలాసార్లు తప్పుతాం. హైదరాబాదు బేగంబజారులో తరతరాలుగా కొట్లు నడిపే కుటుంబాల్లో మార్వాడీ మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. వారి చెవికి ‘రామ్ రామ్ సా’ ఇంపుగా ఉంటుంది. పాతబస్తీ నుంచి వెళ్లిన వ్యాపారి మాతృభాష ఉర్దూ కావచ్చు. అటు కోయంబత్తూరు నుంచి వచ్చిన మిల్లు యజమాని ఇంట్లో తెలుగు వినిపించవచ్చు. 2011 జనగణనలో తమిళనాడులో తెలుగు మా మాతృభాష అని చెప్పినవారు సుమారు 42 లక్షల మంది. భీమవరం వారు కనుక తెలుగే అయి ఉంటుంది. అయినా ఒక ముక్క రాసి అడిగితే పోయేదేమీ లేదు, అడిగినందుకు వారు మెచ్చుకుంటారు కూడా.

ఇక అసలు మాట. నమస్కారం మన ఒక్కరి సొత్తు కాదు. కన్నడంలో నమస్కార, మలయాళంలో నమస్కారం, మరాఠీలో నమస్కార్, బెంగాలీలో నొమొష్కార్. తమిళుల ‘వణక్కం’ వేరే మాటే అయినా అందులో ఉన్నదీ వంగడమే, సంస్కృతంలోని ‘నమస్’లో ఉన్నదీ వంగడమే. అందుచేత ఒట్టి నమస్కారం అంటే మీ అతిథులు ‘ఎవరో నేర్పినట్టున్నారు’ అనుకుంటారు, అంతే. వారి ముఖం వెలిగేది దాని వెనక వచ్చే రెండక్షరాలకు: అండి.

రండి, కూర్చోండి, చెప్పండి అంటూ క్రియల చివర వినిపించే ఆ మర్యాదే అవునండి, లేదండి, నేనండి అంటూ ఏ మాట వెనకకైనా వచ్చి కూర్చుంటుంది. ఎదుటివారి పేరు తెలియకపోయినా ఫరవాలేదు. ఆడవారికీ మగవారికీ వేరే రూపాలు లేవు. ముగ్గురు అతిథులనూ ఒకే మాటతో గౌరవించవచ్చు. విదేశీయుడికి ఇంతకంటే భద్రమైన తెలుగు మాట నాకు తోచడం లేదు.

అయితే దాన్ని విడదీసి నేర్పవద్దు. ‘నమస్కారం’ అని ఆగి ‘అండి’ అంటే పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. నమస్కారము, అండి కలిసినప్పుడు సున్న మళ్లీ మకారమై అచ్చును అందుకుంటుంది: నమస్కారమండి. ఒకే ఊపిరిలో అనాలి. చివరి ‘డి’ పలకడానికి నాలుకను కాస్త వెనక్కి మడవాలి. అది కుదరకపోతే బెంగపడవద్దని చెప్పండి, చేతులు జోడించి నవ్వుతూ అన్నమాటలో డకారం ఎవరూ వెతకరు.

‘శుభోదయం’ వద్దు. టీవీలోనూ ఫోను సందేశాల్లోనూ తప్ప, పొద్దున్నే ఎదురుపడిన మనిషితో ఆ మాట అన్నవారిని నేను చూడలేదు. ఇంగ్లీషు పలకరింపుకు కొలతలు తీసి కుట్టిన చొక్కా అది.

‘స్వాగతం’ మంచి మాట. సు, ఆగతం కలిసి మంచి రాక అని అర్థం. కానీ అది బోర్డుకూ వేదికకూ తగిన మాట. గుమ్మంలో నోటితో అనవలసింది ‘రండి రండి’. రెండుసార్లు అనాలి. ఒక్కసారే ‘రండి’ అంటే పిలిచినట్టు, రెండుసార్లు అంటే ఎదురు చూస్తూ ఉన్నట్టు. ఎవరైనా ‘దయచేయండి’ అని సలహా ఇస్తారేమో, అందమైన మాటే కానీ కొత్తవారి చేతికి ఇవ్వకండి. గుమ్మంలో అంటే లోపలికి రమ్మని, మాటలు ముదిరాక అంటే బయటికి వెళ్లమని.

పేర్ల దగ్గర పొరపాటు ఎక్కువ జరుగుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి చూసి దానికి ముందు ‘హెర్’ (మన ‘శ్రీ’ వంటి జర్మన్ మాట) చేర్చి పిలవడం అక్కడి మర్యాద. మనం మనిషిని పిలిచేది సొంత పేరుతో. ఇంటిపేర్లలో చాలావి ఊళ్ల పేర్లే కనుక, దానితో పిలిస్తే మనిషిని వదిలేసి ఊరిని పలకరించినట్టు ఉంటుంది. ‘సత్యనారాయణ గారు’ అనమనండి, ఎదురుగా పిలిచేటప్పుడు ‘గారూ’ అని కొంచెం సాగదీయమనండి.

బోర్డు సంగతి నా అనుభవంతో చెబుతాను. కొన్నేళ్ల క్రితం విదేశంలోని ఒక సంస్థకు ఇలాంటి బోర్డే రాసి పంపాను. నేను పంపిన అక్షరాలు సరిగానే ఉన్నాయి. అక్కడి ముద్రణవారి సాఫ్ట్‌వేరుకు తెలుగు అమరిక రాదు. స కింద ఉండవలసిన క వత్తు పైకి లేచి, ‘నమస్’ ఒక ముక్క, ‘కారం’ ఒక ముక్క అయింది. గుంటూరు నుంచి వెళ్లిన మిరప వ్యాపారులకు ‘కారం’ అని పెద్ద అక్షరాలతో ఎదురొచ్చింది! వారు మర్యాదగా ఏమీ అనలేదు. ఫోటో చూసిన నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకని అక్షరాలుగా కాకుండా బొమ్మగా మార్చి పంపండి, అచ్చయిన బోర్డు ఫోటో తెప్పించుకుని స్కా, స్వా రెండూ కళ్లతో చూసుకోండి.

ఒక సభ్యుడు: ‘నమస్తే’లోని ‘తే’ అంటే ‘నీకు’ అని ఏకవచనం కదా. పెద్దలతో అనడం తప్పు కాదా?

నా జవాబు: సంస్కృత వ్యాకరణం ప్రకారం ఏకవచనమే. కానీ దేవుణ్ణీ గురువునూ స్తుతించే శ్లోకాల్లోనూ అదే ‘తే’ వస్తుంది, అక్కడ అగౌరవం లేదు. తెలుగులోకి వచ్చాక అది విడదీయరాని ఒక్క మాట. హైదరాబాదులో రోజూ పెద్దలతో ‘నమస్తే అండి’ అంటారు, దానిలో ‘నీకు’ ఎవరికీ వినిపించదు.

ఒక సభ్యురాలు: మా కరీంనగర్ వైపు ‘దండాలు’, ‘శనార్థులు’ అంటారు. వాటిని మరచిపోవద్దు.

నా జవాబు: మరచిపోలేదమ్మా, మీరు గుర్తుచేయడం బాగుంది. దండం నేల మీద పడ్డ కర్రలా సాగిలపడడం నుంచి వచ్చింది, శనార్థి శరణార్థి నుంచి. రెండూ నిండైన మాటలు. వచ్చేవారు కరీంనగర్ వారైతే నేను ‘దండాలండి’ అనే నేర్పించేవాణ్ణి.

ప్రశ్న అడిగినవారు: చాలా ఉపయోగపడింది. నమస్కారం అయ్యాక ‘బాగున్నారా?’ అని అడగవచ్చా?

నా జవాబు: అది ఎరిగినవారిని అడిగే మాట. మొదటిసారి కలుస్తున్నారు కనుక ‘ప్రయాణం బాగా జరిగిందా?’ అంటే పొందికగా ఉంటుంది. తరువాత కాఫీ అడుగుతారు కదా, అప్పుడు ముగ్గురూ ‘వద్దండి’ అంటారు. అది మొహమాటం. ఆ అధికారిని రెండోసారి కూడా అడగమనండి.