సర్జికల్ వార్డు నర్సుకి ట్రామా ట్రైనింగ్ దేనికి?

అందరికీ నమస్తే. ఈ దేశానికి కొత్త. సర్జికల్ వార్డులో చేరాను. ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్ కేర్ (గతంలో తగిలిన మానసిక గాయాలను దృష్టిలో పెట్టుకుని పేషెంట్లను చూసుకోవడం) ట్రైనింగ్ పూర్తయ్యేదాకా నాకు పేషెంట్లను అప్పగించం అంటున్నారు. అది సైకియాట్రీ వాళ్లకి కదా? నా అనుభవం మీద నమ్మకం లేకనా?

జవాబు 1:
సిస్టర్ గారూ, అనుమానం పెట్టుకోకండి, అందరికీ ఇదే రూలు. అసలు మీ వార్డుకే ఇది ఎక్కువ అవసరం. 1998లో అమెరికాలో వచ్చిన ఏస్ (చిన్ననాటి చేదు అనుభవాల) అధ్యయనం చూడండి. అందులో ఉన్నది మానసిక రోగులు కారు, మామూలు హెల్త్ చెకప్‌కి వచ్చినవాళ్లు. చిన్నప్పుడు కొట్టడమో, లైంగిక వేధింపో, ఇంట్లో తాగుడో, ఏదో ఒకటి ఎదురైందని సగానికి పైగా చెప్పారు. ఎవరికి జరిగిందో మొహం చూసి చెప్పలేం. రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా అందరికీ గ్లవ్స్ వేసుకుంటాం కదా, ఇదీ అంతే.

కాథెటర్ (మూత్రం గొట్టం) వేయబోతే ఒకావిడ మోకాళ్లు దగ్గరికి లాక్కుని చెయ్యి నెట్టేసిందనుకోండి. "కదలకండమ్మా, అయిపోయింది" అంటూ కానిచ్చేసి, ఛార్టులో "సహకరించలేదు" అని రాయడం మనలో చాలామందికి అలవాటే. అలా కాకుండా కర్టెన్ వేసి, ఏం చేయబోతున్నారో చెప్పి, "తోడు ఎవరైనా ఉండాలా? ఆపమంటే ఆపేస్తాను" అనండి. ఆపమంటే నిజంగానే ఆపండి. ఆవిడకి ఏం జరిగిందో తవ్వి అడగాల్సిన పని లేదు. తలుపుకి అడ్డంగా నిలబడకపోవడం లాంటివి చిన్నవే, పని చేస్తాయి.

తప్పనిసరి చేయడం మంచిదే అంటాను. కాకపోతే స్లైడ్లు నొక్కుకుంటూ పోయి సర్టిఫికెట్ తీసుకునే రకమైతే దండగ. మేం చేసింది అచ్చం అదే! రోల్ ప్లే ఉందేమో అడగండి.

జవాబు 2:
పైన చెప్పినదానితో ఏకీభవిస్తాను. కానీ నర్సులకి మాత్రమే పెడితే ఏం లాభం? మనం అరగంట మాట్లాడి శాంతపరిచిన మనిషిని సెక్యూరిటీ వచ్చి రెక్క పట్టుకుంటే అంతా మొదటికొస్తుంది. పేషెంట్లు ఎక్కువై మనుషులు తక్కువైన షిఫ్టులో ఓపిగ్గా అడిగే టైమూ ఉండదు.

ఇంకోటి, 2014లో అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్సా ఇచ్చిన మార్గదర్శకాల్లో పేషెంట్లు, కుటుంబాలతో పాటు సిబ్బందిలోనూ ట్రామా లక్షణాలు గమనించాలని ఉంది. కాబట్టి వార్డులో ఘోరం జరిగిన రోజు మీతో ఎవరు కూర్చుని మాట్లాడతారో మేనేజర్‌ని అడగండి, మొహమాటపడొద్దు. ట్రైనింగ్ గంటలు డ్యూటీ గంటల్లో కలుపుతారో లేదో కూడా ముందే మెయిల్లో రాయించుకోండి.