చిరిగిన ప్రతిలోంచి బొమ్మలు విడదీయొచ్చా?

పాతఅట్ట: గెరిట్ డె వేర్ రాసిన ఆర్కిటిక్ యాత్ర పుస్తకం 1598లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. డచ్ నావికుడు విలెం బారెంట్స్ ఓడ మంచులో ఇరుక్కుపోతే, డె వేర్‌తో సహా అందులోని 17 మంది రష్యాకు ఉత్తరాన ఉన్న నోవాయా జెమ్ల్యా దీవుల్లో చెక్క ఇల్లు కట్టుకున్న కథ. ఇలాంటి పుస్తకం పేజీలు పోయిన ప్రతి దొరికితే వ్యాపారులు బొమ్మలు కోసి విడివిడిగా అమ్ముతారు. నా దృష్టిలో అది పుస్తకాన్ని చంపడమే.

విశాఖ_ఓడ: అప్పటికే సగం పోయినదాన్ని చంపేదేముందండీ?

పాతఅట్ట: ఉంది. 1597 జనవరి 24న సూర్యుడి అంచు చూశామని డె వేర్ రాశాడు. లెక్క ప్రకారం అక్కడి చలికాలపు చీకటి పోయి సూర్యుడు కనిపించాలంటే ఇంకా రెండు వారాలు ఆగాలి. బారెంట్సే నమ్మలేదు. చల్లటి గాలి పొరల్లో వెలుగు వంగి వస్తే అలా కనిపిస్తుందని చాలాకాలం తర్వాత తేలింది. తేదీలతో రాసిన రాత నిలిచింది కాబట్టే కదా! ఆ పుస్తకంలోంచి కోసిన ఎలుగుబంటి బొమ్మ ఒక్కటే గోడకు వేలాడితే ఈ సంగతి ఎవరికి తెలుస్తుంది?

మంచుపూలు: ఆ రాత 1609 ఇంగ్లిష్ అనువాదంలోనూ ఉంది.

విశాఖ_ఓడ: మరి సగం ప్రతిలో ఆ జనవరి పేజీలే లేకపోతే? ముందు దానికి జవాబు చెప్పండి.

పాతఅట్ట: పేజీల లెక్క కాదు సార్. మా తాతగారి అట్లాసు బైండింగుకిచ్చాం. తిరిగొచ్చాక నాలుగు పటాలు లేవు. కుట్టు దగ్గర బ్లేడుతో కోసిన అంచు వేలికి గరుకుగా తగిలేది. అడిగితే "మొదట్నుంచీ అంతే" అన్నాడు.

విశాఖ_ఓడ: అది దొంగతనం. సొంత పుస్తకం అమ్ముకోవడంతో కలపకండి.

పాతఅట్ట: మీలాంటివాళ్లు కొంటున్నారు కాబట్టే కోస్తున్నారు.

విశాఖ_ఓడ: నన్ను దొంగల్లో కలిపారా? వినండి. ఇలాంటి పుస్తకం చూడ్డానికి ఒక పెద్ద లైబ్రరీకి ఉత్తరం పట్టుకుని వెళ్లాను. మూడుసార్లు తిప్పి, చివరికి అద్దం వెనక మూసిన అట్ట చూపించారు. ముప్పై ఏళ్లు ఓడల్లో పనిచేశాను. పూర్తి ప్రతి ఈ జన్మలో కొనలేను. ఒక్క బొమ్మ కొనగలను, చేత్తో పట్టుకోగలను. మీకు పుస్తకం క్షేమంగా ఉంటే చాలు. నాకు అది అందాలి.

కాగితంపురుగు: బారెంట్స్ మనుషులు కట్టుకున్న ఆ ఇల్లు 1871లో బయటపడింది. ఉత్తర సముద్రాల మీదుగా చైనాకు దారి దొరికితే అక్కడ అమ్ముదామని తీసుకెళ్లిన అచ్చు బొమ్మలు అందులో గడ్డకట్టి ముద్దలై దొరికాయి. వాటిని ఒక్కో పొరా విడదీసి ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో పెట్టారు.

విశాఖ_ఓడ: చూశారా, అవీ విడి కాగితాలే.

పాతఅట్ట: విడదీసినా ఒక్కచోటే ఉంచారు. మీ బొమ్మ మీ తర్వాత ఎక్కడికి పోతుంది?

విశాఖ_ఓడ: మా మనవరాలి దగ్గరికి.

పాతఅట్ట: అయితే అది ఏ ప్రతిలోదో, ఎవరి దగ్గర కొన్నారో ఒక కాగితం మీద రాసి దాంతోపాటే పెట్టండి. కోయడానికి మాత్రం నేను ఒప్పుకోను.