ఎయిర్ కోస్టా ఎందుకు ఆగిపోయింది?

గన్నవరం గాలి:
2013 అక్టోబరులో మొదలై 2017 ఫిబ్రవరి 28న ఆగిపోయిన మన బెజవాడ ఎయిర్‌లైన్ గురించి మొన్న ఇంట్లో మాటొచ్చింది. "రియల్ ఎస్టేట్ వాళ్లకు విమానాలెందుకు?" అని దాని యజమానుల గురించి మా బావమరిది ఒక్క ముక్కలో తేల్చేశాడు. నేను ఒప్పుకోను. చిన్న ఊళ్లకు చవగ్గా విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ పథకం ఉడాన్ ఉంది కదా, దాని మొదటి విమానం లేచింది 2017 ఏప్రిల్ 27న. అప్పటికి వీళ్లు ఆగి రెండు నెలలు. ఇంకొంచెం నిలబడి ఉంటే?

లెక్కల మాస్టారు:
నిలబడినా లాభం లేదండీ. మొదట తెచ్చినవి ఎంబ్రాయర్ 170లు, 67 సీట్లు. అప్పట్లో 80 సీట్ల లోపు విమానానికి ల్యాండింగ్ చార్జీ లేదు. 40 టన్నుల లోపు బరువైతే ఇంధనం మీద అమ్మకం పన్ను 4 శాతమే. అంతకుముందు పారమౌంట్ ఎయిర్‌వేస్ వాళ్లు ఈ కిటుకుతోనే నడిపారు. వీళ్లేమో తర్వాత ఎంబ్రాయర్ 190లు తెచ్చారు. 112 సీట్లు, బరువు 50 టన్నుల చుట్టుపక్కల. రెండు రాయితీలూ హుష్‌కాకి.

రన్‌వే 26:
ముందు ఆ "మన బెజవాడ" ఆపండి. ఆఫీసు బెజవాడలో, హబ్ (విమానాలకు ప్రధాన స్థావరం) చెన్నైలో.

గన్నవరం గాలి:
హబ్ ఎక్కడుంటే ఏం? మా అమ్మ ఎక్కిన మొదటి విమానం ఇదే. అప్పటిదాకా బెంగళూరంటే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్, రాత్రంతా కూర్చోవడమే. ఇందులో అటు రెండు సీట్లు, ఇటు రెండు. మధ్య సీటు గొడవే లేదు. కృష్ణ కనపడగానే "రైలు బ్రిడ్జి ఏదిరా?" అని అద్దానికి ముక్కు ఆనించి వెతికింది.

రన్‌వే 26:
అమ్మగారికి నమస్కారం. హబ్ మాత్రం చెన్నైయే.

లెక్కల మాస్టారు:
హబ్ వదిలేయండి బాబూ. 40 టన్నుల సంగతి ఎవరూ మాట్లాడరేం?

సీమ పిల్ల:
ఉడాన్ మొదటి రోజే మా కడపకు ట్రూజెట్ ఎయిర్‌లైన్ విమానం వచ్చింది. ఫ్యాన్లతో ఎగిరే చిన్న ఏటీఆర్ విమానమే, అయినా వచ్చింది. 2022లో అదీ పోయిందనుకోండి.

రన్‌వే 26:
అసలు సంగతి వినండి. 2014 ఫిబ్రవరిలో సింగపూర్ ఎయిర్ షోలో ఎంబ్రాయర్ కొత్త రకం ఈ2 జెట్లు 50కి ఆర్డరిచ్చారు. జాబితా ధర 294 కోట్ల డాలర్లు! నడుపుతున్నవేమో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అవీ అద్దెవి. 2016 ఆగస్టులో ఆ అద్దె గొడవతోనే ఒకసారి ఆగాయి కూడా. ఉంటున్నది అద్దింట్లో, అడ్వాన్సేమో యాభై అంతస్తుల మేడకి.

గన్నవరం గాలి:
ఢిల్లీ వాడో ముంబై వాడో ఆర్డరిస్తే విజన్ అంటారు. మనవాడు ఇస్తే గొప్పలు. ఎవడైనా నాలుగు మెట్లెక్కితే కాళ్లు పట్టి లాగే మీలాంటి వాళ్లున్నంత కాలం మన ఊళ్ల నుంచి ఏదీ లేవదు.

రన్‌వే 26:
కాళ్లు లాగేది నేనా? నేను పనిచేసింది ఇంకో చిన్న ఎయిర్‌లైన్‌లో. ఊరూ వేరే, పేరు ఇక్కడ వద్దు. నాలుగు నెలలు జీతం లేదు. ప్రతి సోమవారం మీటింగు, "ఇన్వెస్టర్ వస్తున్నాడు" అని. గోడ నిండా రాబోయే విమానాల బొమ్మలు. కింద మేం, బస్ చార్జీకి చేబదులు అడుక్కుంటూ. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి పిల్లాడి ఫీజు కట్టాను. యాభై విమానాలంటే మీకు గర్వంగా ఉంటుందేమో, నాకు ఆ గోడే గుర్తొస్తుంది.

సీమ పిల్ల:
అయ్యో.

గన్నవరం గాలి:
అన్నా, నోరు జారాను, ఏమనుకోకండి. నేను ఎక్కినవాడి వైపు నుంచే చూశాను. కానీ ఒకటి చెప్పండి, ఈ భయంతో అసలు మొదలే పెట్టకూడదంటారా?

రన్‌వే 26:
పెట్టమనే అంటాను. రెండు విమానాలకు అద్దె, వాటి మనుషులకు జీతం సరిగ్గా కట్టాక మూడోది తెమ్మంటాను.

లెక్కల మాస్టారు:
ఆ మూడోది కూడా 40 టన్నుల లోపే ఉండాలి.