ప్రాగ్‌లో రెండు రోజులు, పక్కన దోస్తు: ఏం చూడాలి?

హన్మకొండ నుంచి నేనూ నా దోస్తూ వచ్చే నెల చెక్ దేశంలోని ప్రాగ్ పోతున్నాం, ఉండేది రెండు రోజులే, వాడికి కోట చూడాలని, నాకేమో తిండి మీదే ధ్యాస. ఎలా ప్లాన్ చేయాలన్నా?

జవాబు: తమ్మీ, పాత టౌన్ హాల్ గోడకున్న 1410 నాటి గడియారం దగ్గర గంట కొట్టే ముందే నిలబడు. పైన కిటికీలు తెరుచుకుని బొమ్మలు వరుసగా కదులుతాయి, కింద అస్థిపంజరం గంట తాడు లాగుతుంది. మావాడు సరిగ్గా అప్పుడే షూ లేసు కట్టుకోవడానికి వంగాడు, ఇంకో గంట నిలబడ్డాం!

జవాబు: చార్ల్స్ వంతెన తెల్లవారకముందే ఎక్కండి. 30 విగ్రహాలూ తీరిగ్గా చూడొచ్చు, ఎండెక్కితే మేడారం జాతరే.

జవాబు: అక్కడ నడిచేది యూరో కాదు, కొరునా. సకినాల డబ్బా మరవకండి.

అడిగినవాడు: అమ్మ పిండి పట్టించేసింది అక్కా.