కొత్తగా బైక్ మెకానిక్ పని: ముందు ఏ పానాలు కొనాలి?

ప్రశ్న:
అన్నలూ, టూవీలర్ పని మొదలుపెడుతున్నా. చేతిలో 6,000 ఉన్నాయి. 100 ముక్కల కిట్టు కొననా, విడివిడిగానా?

జవాబు 1:
కిట్టు వద్దు తమ్ముడూ, సగం సైజులు పెట్టెలోనే ఉండిపోతాయి. 100–150 సీసీ బండ్లకు రోజూ పడేవి 8, 10, 12, 14, 17 ఎంఎం పానాలు. ఇవి ఒకవైపు రింగు, ఒకవైపు ఓపెన్ ఉన్నవి, క్రోమ్ వెనేడియం (గట్టి మిశ్రమ ఉక్కు)లో తీసుకో. తపారియా కంపెనీవి చాలు. బిగుసుకున్న నట్టును రింగుతోనే కదిలించు. ఓపెన్ వైపు రెండు ముఖాలనే పడుతుంది. బలం పెడితే దవడలు విచ్చుకుని నట్టు మూలలు గుండ్రమైపోతాయి. స్పార్క్ ప్లగ్గు పానా మర్చిపోకు: 10 ఎంఎం మర ఉన్న ప్లగ్గుకు సాధారణంగా 16 ఎంఎం పానా.

జవాబు 2:
సాకెట్లు (బోల్టు తల మీద టోపీలా కూర్చునే పానాలు) ఆరు మూలలవే కొను, 12 మూలలవి తుప్పు బోల్టు మీద జారతాయి. అసలు తలనొప్పి స్టార్ స్క్రూలతో (తల మీద ప్లస్ గుర్తు గాడి ఉన్నవి). జపాన్ డిజైన్ బండ్లలో తల మీద చిన్న చుక్క ఉంటే అది జేఐఎస్, అంటే జపాన్ ప్రమాణం స్క్రూ. మామూలు ఫిలిప్స్ బిట్టు పైకి లేచి గాడి తినేస్తుంది. క్రాంక్ కేస్ (ఇంజిన్ కింది పెట్టె) స్క్రూలకు సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ తప్పదు.

ప్రశ్న అడిగినవారు:
టార్క్ రెంచ్ (బోల్టును కొలిచినంత బలంతోనే బిగించే పానా) ఇప్పుడే కావాలా అన్నా?

జవాబు 3:
కావాలి, కానీ రేంజ్ చూసి కొను. 6 ఎంఎం బోల్టులకు సుమారు 10–12 న్యూటన్ మీటర్లే. 40 నుంచి మొదలయ్యే రెంచ్ వాటికి దండగ. 5–25 ది తీసుకో. దాంతో బోల్టులు విప్పకు, పనయ్యాక కనిష్ఠ మార్కుకు తిప్పి పెట్టు. బలం ఎక్కువై అల్యూమినియంలో మర పోతే హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేయాల్సిందే.