48 ఏళ్లకి గొర్రెలూ రాట్నమూ... ఎక్కడ మొదలెట్టాలి?

నాకు 48 ఏళ్లండి, ఉద్యోగం మానేసి నాలుగైదు గొర్రెల్ని పెంచుకుని ఆ ఉన్ని నేనే వడికి అమ్ముదామని ఉంది. రాట్నం మీద చెయ్యి తిరిగింది, కానీ మొన్న కొన్న పచ్చి ఉన్ని కడిగితే జిడ్డూ మట్టీ పోయి దాదాపు సగం బరువే మిగిలింది, పైగా వేడినీళ్లలో పిసికేశానేమో కొంత గట్టిపడి కంబళి ముక్కలా అయిపోయింది (నవ్వకండి). గొర్రెకి ఏడాదికి ఒకటి రెండుసార్లేగా కత్తిరింపు, మేత ఖర్చేమో రోజూ ఉంటుంది, 100 గ్రాముల చిలప (నూలు చుట్ట) వడకడానికి నాకు రెండు రోజులు పడుతోంది, ఆ టైముకి రేటు ఎలా కట్టాలి? ముందు ఉన్ని కొని నూలు అమ్మి చూసి తర్వాత గొర్రెల్ని తెచ్చుకోవడం మేలా? మెరినో లాంటి మెత్తటి ఉన్ని గొర్రెలు కొత్తవాళ్లకి కుదురుతాయా? అసలే నడుంనొప్పి, డెక్కలు కత్తిరించడం ఒక్కదాన్నే చెయ్యగలనా? చేసినవాళ్లెవరైనా చెప్పండి ప్లీజ్.